ల్యాబ్ గొంతు, మనిషి గొంతు

ఉబ్బసానికి పీల్చే పొడి మందు క్యాప్సూల్, రోటాక్యాప్, ఒకదాన్ని విప్పి నల్ల కాగితం మీద పోస్తే చిటికెడు పొడి కూడా పడదు. సాల్బుటమాల్ 200 మైక్రోగ్రాముల క్యాప్సూల్‌లో మొత్తం పొడి సుమారు 25 మిల్లీగ్రాములు అనుకుంటే, అందులో నూటికి 99 పాళ్ళు అసలు మందే కాదు, లాక్టోజ్. అంటే పాలలో ఉండే చక్కెర. పీల్చాక నాలుక మీద కొంచెం తియ్యగా తగిలేది అదే. ఫార్మోటెరాల్ లాంటి మందైతే ఒక మోతాదు 6 మైక్రోగ్రాములే ఉండొచ్చు, సుమారుగా ఒక ఉప్పు రవ్వ బరువులో పదో వంతు. అంత తక్కువ మందును విడిగా తూచి నింపడం అయ్యే పని కాదు. అందుకే దాన్ని లాక్టోజ్‌తో కలిపి నింపుతారు. లాక్టోజ్ రేణువులు 50 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా ఉంటాయి, మందు రేణువులు 1 నుంచి 5 మైక్రాన్లు. బూడిద గుమ్మడికాయ మీద బూడిద అంటుకున్నట్టు, ఒక్కో లాక్టోజ్ రేణువు మీద మందు అంటుకుని ఉంటుంది. మనిషి ఊపిరి లాగినప్పుడు ఆ బూడిద రాలి గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోవాలి. గుమ్మడికాయ నోట్లోనో గొంతులోనో ఆగిపోవాలి.

అసలు సంగతంతా ఈ రాలడంలోనే ఉంది. రాలని మందు లాక్టోజ్‌తో పాటు గొంతుకు కొట్టుకుని, మింగుడు పడి, కడుపులోకి పోతుంది. రాలిన మందు కూడా అంతా లోపలికి చేరదు. ఎంత రాలింది, ఎంత చేరింది అనే రెండు ప్రశ్నలకూ కంపెనీ ల్యాబ్‌లో ఒక జవాబు వస్తుంది, మనిషి ఒంట్లో ఇంకో జవాబు వస్తుంది. సాధారణంగా ల్యాబ్ అంకె పెద్దది, మనిషి అంకె చిన్నది. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఉబ్బసం మందు వాడే ఇంటికి కూడా ఉపయోగమే.

ల్యాబ్‌లో ఈ కొలతకు వాడే యంత్రం క్యాస్కేడ్ ఇంపాక్టర్. ఇప్పుడు ఎక్కువ చోట్ల కనిపించేది నెక్స్ట్ జనరేషన్ ఇంపాక్టర్, వాడేవాళ్ళు ఎన్‌జీఐ అంటారు. మూత ఎత్తితే లోపల వరసగా ఎనిమిది లోహపు గిన్నెలు ఉంటాయి. ఒక పంపు గాలిని లాగుతుంటే ఇన్‌హేలర్‌లోని పొడి ఆ గాలితో లోపలికి వచ్చి, గిన్నె తర్వాత గిన్నె మీదుగా మలుపులు తిరుగుతూ పోతుంది. చెన్నై ఎంటీసీ సిటీ బస్సు వేగంగా మలుపు తిరిగితే నిలబడ్డవాళ్ళలో బరువైనవాళ్ళు ముందు తూలినట్టు, పెద్ద రేణువులు మలుపు తిరగలేక మొదటి గిన్నెల్లోనే పడిపోతాయి. ముందుకు పోయేకొద్దీ రంధ్రాలు సన్నబడి గాలి వేగం పెరుగుతుంది, ఇంకా చిన్న రేణువులు పడతాయి. నిమిషానికి 60 లీటర్ల గాలి లాగుతుంటే మొదటి మెట్టు సుమారు 8 మైక్రాన్ల దగ్గర వేరు చేస్తుంది, మూడోది 2.8 దగ్గర, ఏడోది 0.34 దగ్గర. రేణువులు ఎగిరి పక్క గిన్నెలో పడకుండా గిన్నెలకు ముందే జిగురుగా పూత పూస్తారు. పంపు ఆపాక ఒక్కో గిన్నెనూ ద్రావణంతో కడిగి, ఆ కడిగిన నీళ్ళలో మందు ఎంత ఉందో హెచ్‌పీఎల్‌సీ అనే విశ్లేషణ యంత్రం మీద చూస్తారు. ఒక్క పరీక్షకు సగం పూట పడుతుంది. 5 మైక్రాన్ల కన్నా చిన్న రేణువుల్లో ఉన్న మందు మొత్తాన్ని ఫైన్ పార్టికల్ డోస్ అంటారు. ఊపిరితిత్తికి చేరగల మందు ఇంత అని కాగితం మీద కనిపించే అంకె ఇదే.

ఈ యంత్రం అబద్ధం చెప్పదు. అడిగిన ప్రశ్నకు కచ్చితంగా జవాబిస్తుంది. కానీ ఆ ప్రశ్నలో మనిషి లేడు.

మొదటి తేడా గొంతు దగ్గరే. ఇంపాక్టర్‌కూ ఇన్‌హేలర్‌కూ మధ్య ఉండే ప్రామాణిక గొంతు, ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) చెప్పిన గొంతు, ఒక లోహపు గొట్టం. తిన్నగా వెళ్ళి 90 డిగ్రీలు వంగి కిందికి దిగుతుంది. మనిషి గొంతు అలా ఉండదు. నాలుక అడ్డం వస్తుంది, కొండనాలుక వేలాడుతుంది, స్వరపేటిక దగ్గర దారి ఇరుకవుతుంది, తడి ఉంటుంది, ఒకరి గొంతు ఇంకొకరి గొంతులా ఉండదు. లోహపు గొంతులో ఆగే మందు కన్నా మనిషి గొంతులో ఆగేది ఎక్కువ. అందుకే ల్యాబ్ లెక్క ఊపిరితిత్తి వాటాను పెంచి చూపిస్తుంది. 2008లో న్యూమన్, చాన్ పాత అధ్యయనాలన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఇదే బయటపడింది. 5 మైక్రాన్ల గీత దగ్గర లెక్కేస్తే వచ్చే అంకె మనుషుల ఊపిరితిత్తుల్లో కొలిచిన దాని కన్నా ఎక్కువ వస్తోంది. గీతను 3 మైక్రాన్ల దగ్గరికి దించితే రెండూ దగ్గరపడుతున్నాయి. ల్యాబ్‌లో సులువుగా ఉంటుందని పెట్టుకున్న గీత ఊపిరితిత్తి లెక్క అయిపోవడం ఈ రంగంలో చాలాకాలం సాగిన పొరపాటు.

దీన్ని సరిచేసే పని కూడా బాగానే జరిగింది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో వారెన్ ఫిన్లే బృందం, ఎందరి నోళ్ళవో స్కాన్ కొలతల ఆధారంగా, సగటు మనిషి గొంతులా పనిచేసే ఒక ఆకారాన్ని తయారుచేసింది. దాన్ని ఆల్బర్టా గొంతు అంటారు. అమెరికాలోని వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయం ఇంకో అడుగు వేసింది. చిన్న, మధ్యస్థ, పెద్ద అని మూడు సైజుల గొంతులు చేసి, వాటిలోకి మనుషులు లాగిన తీరులోనే గాలి లాగించి, బ్యుడెసొనైడ్ పొడి మందుతో 2012లో ఫలితాలు ప్రచురించింది. ఒకే సగటు అంకె కాకుండా, మనుషుల మధ్య కనిపించే హెచ్చుతగ్గుల పరిధి కూడా అందులో తెలిసింది. సగటు రోగి అనే మనిషి ఏ ఆసుపత్రి ఓపీలోనూ కనబడడు, కాబట్టి ఈ మూడు సైజుల పద్ధతిలోనే నిజాయితీ ఎక్కువ ఉంది.

రెండో తేడా ఊపిరి లాగడంలో. ఫార్మకోపియా పద్ధతిలో ఇన్‌హేలర్‌కు అటూ ఇటూ 4 కిలోపాస్కల్‌ల ఒత్తిడి తేడా వచ్చేలా పంపు పెట్టి, మొత్తం 4 లీటర్ల గాలి లాగిస్తారు. 4 కిలోపాస్కల్‌లంటే సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తుకు నీళ్ళు లాగేంత బలం. కొబ్బరిబోండంలో వేసే స్ట్రాను రెండింతల పొడవు చేసి, నిలువుగా పట్టుకుని నీళ్ళు పైదాకా లాగడం లాంటిది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి ఇది ఆటలా ఉంటుంది. డెబ్భై ఏళ్ళ మనిషికి, ఆయాసంలో ఉన్నప్పుడు, కష్టమే. 4 లీటర్ల గాలి ఊపిరితిత్తుల్లో పట్టనివాళ్ళు ఎందరో.

పైగా యంత్రంలో వాల్వ్ తెరుచుకోగానే గాలి పూర్తి వేగం అందుకుని, చివరి దాకా అదే వేగంతో పోతుంది. మనిషి అలా లాగడు. మెల్లగా మొదలుపెట్టి, పెంచి, తగ్గిస్తాడు. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఉంది. పొడి ఇన్‌హేలర్ నుంచి మందు చాలావరకు ఊపిరి మొదట్లోనే బయటికి వచ్చేస్తుంది. మెల్లగా మొదలుపెట్టి తర్వాత గట్టిగా లాగినా, అప్పటికే పొడి సరిగ్గా రాలకుండా గొంతు చేరిపోయి ఉంటుంది. 1994లో ప్రచురితమైన బోర్గ్‌స్ట్రోమ్ బృందం అధ్యయనంలో ఆరోగ్యవంతులు టర్బుహేలర్ అనే పొడి ఇన్‌హేలర్‌తో బ్యుడెసొనైడ్ పీల్చారు. నిమిషానికి 58 లీటర్ల వేగంతో లాగినప్పుడు ఊపిరితిత్తికి చేరింది సుమారు 28 శాతం. అదే పరికరం, అదే మందు, 36 లీటర్లతో లాగితే 15 శాతం. మోతాదు రెండుసార్లూ ఒకటే రాసి ఉంటుంది.

చెన్నైలో తెలుగు ఇళ్ళల్లో ఇది భాష సమస్య కూడా అవుతుంది. పెరంబూరులోనో సౌకార్‌పేటలోనో క్లినిక్‌లో డాక్టర్ తమిళంలో ‘వేగమా ఇళుంగ’, అంటే వేగంగా లాగండి, అంటారు. ఇంటికొచ్చాక మనవరాలు ‘అమ్మమ్మా, పీల్చు’ అంటుంది. ‘పీల్చు’ అనగానే అమ్మమ్మ పూలవాసన చూసినట్టు మెత్తగా పీలుస్తుంది. పైగా అంతకుముందు ఆమె వాడింది నొక్కితే మందు చిమ్మే పంపు ఇన్‌హేలర్ అయితే, దానికి ‘మెల్లగా, నిదానంగా’ అని నేర్పి ఉంటారు, ఆ అలవాటు పోదు. పంపుకు మెల్లగా, పొడికి మొదటి నుంచే గట్టిగా, ఇవి పూర్తిగా ఎదురెదురు పద్ధతులు. తెలుగులో ‘పీల్చు’ కన్నా ‘ఊపిరి ఒక్కసారి గట్టిగా లాగు’ అన్న మాటే ఈ పనికి సరిపోతుంది. మాట మారితే మోతాదు మారుతుంది. ఇది అతిశయోక్తి కాదు, పైన ఉన్న 28, 15 అంకెలు చెప్పేది అదే. 2017లో వచ్చిన ‘క్రిటికల్’ అనే పేరున్న అధ్యయనంలో పొడి ఇన్‌హేలర్ వాడేవాళ్ళలో 32 నుంచి 38 శాతం మంది తగినంత బలంగా లాగడం లేదని, అలాంటివాళ్ళలో ఉబ్బసం అదుపులో లేకపోవడం ఎక్కువని తేలింది.

గట్టిగా లాగడం వల్ల నష్టం కూడా ఉందనేది నిజం. వేగం పెరిగితే రేణువులు గొంతు మలుపు దగ్గర ఎక్కువగా కొట్టుకుంటాయి. అయితే టర్బుహేలర్ లాంటి వాటిలో రాలడం వల్ల వచ్చే లాభం ఆ నష్టాన్ని మించిపోతుంది. పరికరం గాలికి ఎంత అడ్డు పెడుతుంది అన్నదాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. హ్యాండీహేలర్‌లో అడ్డు ఎక్కువ, 4 కిలోపాస్కల్‌ల దగ్గర నిమిషానికి 40 లీటర్ల లోపే గాలి పోతుంది. రోటాక్యాప్‌లు వేసే రోటాహేలర్‌లో అడ్డు తక్కువ, గాలి ఎంతో సులువుగా పోతుంది, కానీ పొడిని రాల్చే పని ఎక్కువగా లాగే మనిషి వేగం మీదే పడుతుంది. లాగడానికి సులువుగా ఉన్నంత మాత్రాన మందు బాగా చేరుతోందని కాదు.

మూడో తేడా చెమ్మ. చెన్నై వాళ్ళకు దీన్ని వివరించాల్సిన పని లేదు, వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీస్తే కనిపిస్తుంది. చెమ్మగాలిలో రేణువుల మధ్య సన్నటి నీటి పొర ఏర్పడి, మందు లాక్టోజ్‌ను వదలదు. బూడిద గుమ్మడికాయను తడిపితే బూడిద రాలదు, అంతే. జెలటిన్ క్యాప్సూల్ గోడలోనే మామూలుగా 13 నుంచి 16 శాతం నీరు ఉంటుంది. చెమ్మ ఇంకా పెరిగితే అది మెత్తబడి, శుభ్రంగా విడదు, లోపలి పొడి గోడకు అంటుకుంటుంది. కంపెనీలు 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి మందును పరీక్షిస్తాయి. అయితే ఆ పరీక్ష సీలు తీయని ప్యాక్‌కు. ఐప్పసి, కార్తిక వానల్లో కిటికీ పక్కన మూత సరిగ్గా పెట్టని సీసాకు కాదు, వారం మందులన్నీ కలిపి వేసుకునే ప్లాస్టిక్ డబ్బాలోకి ముందే తీసి పెట్టిన క్యాప్సూళ్ళకూ కాదు. పరికరంలోకి ఊపిరి వదిలినా ఇదే నష్టం. మనిషి వదిలే గాలి దాదాపు పూర్తిగా తేమతో నిండి ఉంటుంది.

ఇంకో విషయం ఇంపాక్టర్ అసలు కొలవలేదు, అది సమయం. మందు లోపలికి పోయాక ఊపిరి బిగబట్టమంటారు గదా. 3 మైక్రాన్ల రేణువు నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు 0.27 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. పది సెకన్లు బిగబడితే 2.7 మిల్లీమీటర్లు. లోపలి సన్నటి శ్వాసగొట్టాల వెడల్పు అంతకన్నా తక్కువ, కాబట్టి రేణువు గోడకు చేరి అక్కడ నిలుస్తుంది. వెంటనే ఊపిరి వదిలేస్తే, గోడ చేరకముందే అది బయటికి వచ్చేస్తుంది. యంత్రం ఊపిరి వదలదు. లోపలికి పోయిందంతా లోపలే ఉన్నట్టు లెక్కేస్తుంది.

మరి మనిషిలో ఎలా కొలుస్తారు? పాత కాలంలో ఒక మనిషి తన ఒంటినే ల్యాబ్ చేసుకున్నాడు. ఇంగ్లండ్‌లో పనిచేసిన డాక్టర్ రోజర్ ఆల్టౌన్యన్‌కు ఉబ్బసం. జంతువుల మీద పరీక్షలు మనుషుల్లో ఏం జరుగుతుందో చెప్పడం లేదని, తనకు తానే ఉబ్బసం తెప్పించుకుని, కొత్త రసాయనాలు ఒకదాని తర్వాత ఒకటి పీల్చి చూశాడు. అలా 1960లలో క్రోమోగ్లైకేట్ అనే ఉబ్బసం మందు దొరికింది. యుద్ధకాలంలో విమానాలు నడిపినవాడు కావడంతో, పొడిని చిమ్మడానికి చిన్న ప్రొపెల్లర్ లాంటి చక్రం ఉన్న స్పిన్‌హేలర్‌ను ఆలోచించాడు. పొడి ఇన్‌హేలర్ల చరిత్ర తొలిరోజుల్లోనే ల్యాబ్‌కూ మనిషికీ మధ్య ఈ పేచీ ఉంది.

ఇప్పటి పద్ధతుల్లో ఒకటి గామా కెమెరా. మందుకు టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం తగిలించి పీల్పించి, ఎక్కడ చేరిందో ఫొటో తీస్తారు. దాని సగం ఆయుష్షు ఆరు గంటలే. తగిలించిన రేడియోధార్మికత నిజంగా మందు వెంటే పోతోందా అన్నది ముందు ఇంపాక్టర్ మీదే చూసుకోవాలి. అంటే మనిషి పరీక్షకు ల్యాబ్ పరీక్షే సాక్షి. ఇంకోటి మూత్ర పరీక్ష. పీల్చిన సాల్బుటమాల్‌లో మొదటి 30 నిమిషాల్లో మూత్రంలో కనిపించేది దాదాపుగా ఊపిరితిత్తి నుంచి వచ్చిందే, మింగిన వాటా అంత త్వరగా రాదు. 1992లో హిండిల్, క్రిస్టిన్ ఈ దారి చూపించారు. ఖరీదు తక్కువ, సూది అక్కర్లేదు. మూడోది బొగ్గు పద్ధతి. యాక్టివేటెడ్ చార్‌కోల్ కలిపిన నీళ్ళు తాగిస్తే, మింగిన మందును కడుపులో బొగ్గు పట్టేసుకుంటుంది. రక్తంలో కనిపించేదంతా ఊపిరితిత్తి గుండా వచ్చిందే అవుతుంది.

కానీ రక్తం లెక్కలో ఒక పెద్ద చిక్కు ఉంది. మాత్ర వేసుకుంటే మందు రక్తంలో పోయి పనిచేసే చోటికి చేరుతుంది, కాబట్టి రక్తంలో ఎంత ఉందో చూస్తే చాలు. పీల్చే మందులో వరస తిరగబడుతుంది. మందు ముందు ఊపిరితిత్తిలో పనిచేసి, తర్వాత రక్తంలోకి దిగుతుంది. రక్తంలో కనిపించేది పని ముగించుకుని వెళ్ళిపోతున్న మందు. ఫ్లూటికసోన్ మెల్లగా కరిగే మందు. అది పెద్ద గొట్టాల్లో పడితే కరిగేలోపే కఫంతో పాటు పైకి వచ్చి మింగుడు పడుతుంది, మింగితే ఒంటికి పట్టేది 1 శాతం లోపే. ఉబ్బసం ఉన్నవాళ్ళలో ఫ్లూటికసోన్ రక్తంలో ఆరోగ్యవంతుల కన్నా తక్కువగా కనిపిస్తుంది. బ్యుడెసొనైడ్‌కు ఆ తేడా పెద్దగా ఉండదు. ఆరోగ్యవంతుల మీద చేసిన రక్త పరీక్ష రోగి ఊపిరితిత్తి గురించి ఎంత చెప్పగలదన్నది మందును బట్టే మారిపోతుంది.

పోనీ, ఆయాసం తగ్గిందా లేదా అని నేరుగా చూస్తే పోదా అనిపిస్తుంది. అక్కడ శరీరం మొద్దు. మామూలు మోతాదుల దగ్గర సాల్బుటమాల్ సగం చేరినా, పూర్తిగా చేరినా ఊదుడు పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనిపించకపోవచ్చు. ల్యాబ్ మాత్రం ఆ తేడాను వెంటనే పట్టేస్తుంది. ల్యాబ్‌కు కనిపించేది మనిషిలో కనిపించదు, మనిషికి జరిగేది ల్యాబ్‌లో జరగదు. కాపీ మందులను అనుమతించే సంస్థలు దీంతో చాలా అవస్థ పడ్డాయి. యూరప్ 2009 మార్గదర్శకాల్లో మెట్ల పద్ధతి పెట్టింది. ల్యాబ్ కొలతలన్నీ కలిస్తే అక్కడితో సరి, కలవకపోతే రక్త పరీక్ష, అదీ కలవకపోతే రోగుల మీద పరీక్ష. అమెరికా ఎఫ్‌డీఏ సాధారణంగా మూడూ చూపించమంటుంది. ఫ్లూటికసోన్ ఉన్న పొడి ఇన్‌హేలర్ అడ్వైర్ డిస్కస్‌కు అక్కడ మొదటి జనరిక్ అనుమతి రావడానికి 2019 జనవరి దాకా పట్టింది.

ఈ రెంటిలో యూరప్ పద్ధతి మీద నమ్మకం కొంత తగ్గించుకోవాల్సిందే అనిపించే అధ్యయనం ఒకటి ఉంది, అది అమెరికా పద్ధతిని కూడా ఇరుకున పెడుతుంది. 2016లో బర్మీస్టర్ గెట్జ్ బృందం బజారులో కొన్న అడ్వైర్ డిస్కస్ 100/50 బ్యాచ్‌లు మూడింటిని ఆరోగ్యవంతుల్లో పోల్చింది. అసలు కంపెనీ మందే, వేరే వేరే బ్యాచ్‌లు. ఏ రెండు బ్యాచ్‌లు తీసుకున్నా రక్త పరీక్షలో సమానత్వ పరీక్ష నెగ్గలేదు. ఒకే బ్యాచ్‌ను రెండుసార్లు ఇచ్చినప్పుడు మాత్రం నెగ్గింది. మందు చెడ్డదని దీని అర్థం కాదు, అన్ని బ్యాచ్‌లూ నిబంధనల్లోనే ఉండొచ్చు. కానీ కాపీ మందు ఏ బ్యాచ్‌తో పోటీపడిందన్నది ఫలితాన్నే మార్చేస్తుంది. ఒకే మందు బ్యాచ్‌ల మధ్యే రక్తంలో పెద్ద తేడా కనిపించే సందర్భాలు ఉన్నాయన్నది దీంతో తేలిపోయింది.

ఇంపాక్టర్‌ను ఎక్కడ నమ్మాలో అక్కడ గట్టిగా నమ్మాలి. నిన్న చేసిన బ్యాచ్, ఈరోజు చేసిన బ్యాచ్ ఒకటేనా అని చెప్పడంలో దానికి సాటి లేదు. ఊపిరితిత్తి లెక్క కావాలంటే మాత్రం మనిషి గొంతులాంటి గొంతు, రోగి లాగినట్టు లాగే యంత్రం, చెమ్మగాలి, ఇవన్నీ పెట్టి మళ్ళీ కొలవాలి. మన దేశంలో పెద్దవయసువాళ్ళు, సన్నటి మనుషులు, పొయ్యి పొగలో వంట చేసిన ఆడవాళ్ళు లాగే ఊపిరి తీరును రికార్డు చేసి ఆ యంత్రానికి ఇవ్వడం కష్టమైన పనేం కాదు. చెన్నై ఇలాంటి ప్రశ్నను ఒకసారి ప్రపంచం ముందు పెట్టిన ఊరు. 1956లో ఇక్కడ మొదలై 1959లో ప్రచురితమైన మద్రాసు అధ్యయనం, క్షయ రోగుల్లో శానటోరియంలో ఉంచి మందులిచ్చినవాళ్ళనూ, ఇరుకు ఇళ్ళల్లోనే ఉండి అవే మందులు వాడినవాళ్ళనూ పోల్చింది. ఇంటి వైద్యం ఏమాత్రం తీసిపోలేదని తేలింది. ఆ కేంద్రమే ఇప్పుడు చేట్‌పేటలో ఉన్న జాతీయ క్షయ పరిశోధన సంస్థ. ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించకుండా, ఇంటికి వెళ్ళి కొలిచారు.

అప్పటిదాకా ఇంట్లో చేసుకోగలిగింది కొంత ఉంది. క్యాప్సూల్‌ను వాడే నిమిషంలోనే స్ట్రిప్ నుంచి తీయాలి, తడి చేత్తో ముట్టుకోకూడదు. ఊపిరి పూర్తిగా బయటికి వదలాలి, పరికరంలోకి కాదు, పక్కకు తిరిగి. మొదటి క్షణం నుంచే గట్టిగా లాగి, పదిదాకా లెక్కపెట్టేంతసేపు బిగబట్టాలి. తర్వాత క్యాప్సూల్ ముక్కలను వెలుగుకు పట్టి చూడాలి. లోపల తెల్లగా ఇంకా మిగిలి ఉంటే అదే క్యాప్సూల్‌ను మళ్ళీ ఒకసారి లాగాలి. స్టెరాయిడ్ మందైతే ఆ వెంటనే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత, బొంగురు గొంతు రావచ్చు. ఆ ఉమ్మిన నీళ్ళలో కొంచెం తీపి ఉంటుంది. లాక్టోజ్, దాని మీద రాలని మందు, ల్యాబ్‌లో లోహపు గొంతు దాటిపోయి ఇక్కడ మనిషి గొంతులో ఆగిపోయిన రేణువులు, అన్నీ కొంత కొంత వాష్‌బేసిన్‌లో ఉంటాయి.